మెరుగుపెట్టని అంచు

కాలవగట్టు సెంటర్లో బోర్డుల దుకాణం నడిపే హైమావతికి పనిలో ఎదురులేదు గానీ, తన పనిలో వంక ఉందని ఎవరైనా అంటే మాత్రం చచ్చినా ఒప్పుకునేది కాదు.

ఆ చిన్న పట్నంలో ఏ వీధికి వెళ్ళినా ఆమె చేతిపనే కనిపించేది. మందుల షాపు మీది ఎర్ర అక్షరాలు, మిఠాయి కొట్టు మీది బంగారురంగు అక్షరాలు, పళ్ళ డాక్టరు గుమ్మం మీద నవ్వుతూ నిలబడ్డ పెద్ద పన్ను, అన్నీ ఆమె యాక్రిలిక్ షీటు కోసి అతికించినవే. చూడ్డానికి గాజులా ఉండే ఆ షీటును ఆమె రంపంతో కోసేది. కోసిన అంచు తెల్లగా, గరుగ్గా ఉండేది. దానిమీద సన్నని గ్యాసు మంటను ఒక్కసారి అలా పోనిచ్చేది. అంచు తళుక్కున మెరిసేది. అప్పుడు సిరంజితో అతుకుమందు వదిలేది. ఆ మందు షీటును కాస్త కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసేది. అతుకు ఎక్కడుందో వెతికినా దొరికేది కాదు.

"అతుకు కనబడిందంటే అది హైమావతి పని కాదు" అని ఆమె అంటూ ఉండేది. అని ఊరుకునేది కాదు, తల కూడా ఎగరేసేది.

అయితే ఇన్ని బోర్డులు చేసినా వాటిమీది పేర్లన్నీ ఎవరెవరివో. ఆమె పేరు ఉన్నది ఒక్కదాని మీదే. అది ఆడపిల్లల బడి వరండాలో ఉన్న చేపల తొట్టి. దుకాణం పెట్టిన కొత్తలో ఒక పెద్ద బోర్డు చేయగా మందపాటి షీట్లు మిగిలాయి. వాటితో ఆ తొట్టి చేసి, తాను చదువుకున్న బడికి కానుకగా ఇచ్చింది. కింద ఒక మూల "చేసినది: హైమావతి" అని చిన్న అక్షరాలు ఉండేవి.

ఆ తొట్టిలో మీసాల జెల్ల చేప ఒకటి ఉండేది. ఎప్పుడూ అడుగున కదలకుండా కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను మీసాలు ఆడిస్తూ చూసేది. పిల్లలు దానికి తాసిల్దారుగారని పేరు పెట్టారు. బడిలో కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా ఏడుస్తుంటే, "రావే, తాసిల్దారుగారికి దణ్ణం పెట్టి అర్జీ చెప్పుకుందువుగాని" అని తీసుకెళ్ళేవారు. ఏడుపు అక్కడితో ఆగిపోయేది.

హైమావతి బజారుకు వెళ్ళినప్పుడల్లా దగ్గర దారి వదిలేసి బడి ముందు నుంచి వెళ్ళేది. గేటు బయటి నుంచే తొట్టి వైపు ఒక చూపు చూసేది. ఆ రోజంతా ఆమె నడకే వేరుగా ఉండేది.

ఒక సాయంత్రం ఆమె ఆడపడుచు కామేశ్వరి దుకాణానికి వచ్చింది. కామేశ్వరి ఆ బడిలోనే సైన్సు టీచరు. వదినా ఆడపడుచులిద్దరికీ ఒకరినొకరు ఒక మాట దెప్పుకోకపోతే తిన్నది అరిగేది కాదు.

"వదినా, నీ తొట్టికి చెమట పడుతోంది" అంది కామేశ్వరి.

"ఎండలు మండిపోతున్నాయి. నీకు పట్టడం లేదూ?"

"నాకు ఒళ్ళంతా పడుతుంది. దానికి అతుకు వెంబడే పడుతోంది."

హైమావతి చేతిలో రంపం ఆగింది. మళ్ళీ కదిలింది.

"బల్ల ఎగుడుదిగుడుగా ఉండి ఉంటుంది."

"చూశాను. సమంగానే ఉంది."

"మీ పిల్లలు మీద పడి ఆనుకుంటూ ఉంటారు."

"ఆనుకోకుండా తాడు కట్టాం కదా, నువ్వే కట్టించావు."

"అయితే నీళ్ళు మార్చేటప్పుడు మీ ఆయా ఒలకబోసి ఉంటుంది!"

"ఇన్ని చెప్పేకంటే ఒక్కసారి వచ్చి చూడకూడదూ?"

"నా అతుకును నేను చూసుకోవాలా కామేశ్వరీ? కళ్ళకు గంతలు కట్టినా చేత్తో తడిమి చెబుతాను. అది విడిపోయే అతుకు కాదు."

కామేశ్వరి లేచి కొంగు దులుపుకుంది. "నీకు చెప్పుకోవడం కంటే తాసిల్దారుగారికి చెప్పుకోవడం నయం. ఆయన మీసమైనా ఆడిస్తాడు" అని వెళ్ళిపోయింది.

మాటలైతే గట్టిగా అనేసింది గానీ, హైమావతికి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆదివారం బడిలో ఎవరూ లేని వేళ చూసి, కాపలా ముసలాయనను బతిమాలి లోపలికి వెళ్ళింది. తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని అతుకు దగ్గర ముఖం పెట్టి చూసింది. ఒకప్పుడు ఉందో లేదో తెలియని అతుకు వెంబడి, కోడిపిల్ల ఈకల్లా తెల్లని సన్నని పగుళ్ళు పాకి ఉన్నాయి. వాటి చివర ఒక నీటిచుక్క, పడనా వద్దా అన్నట్టు వేలాడుతోంది.

"షీటు పాతబడింది. అంతే. అతుకుది తప్పు కాదు" అని తనకు తానే చెప్పుకుంది.

ఇంతకీ హైమావతి దుకాణానికి ఎదురుగా అద్దాల తాతబ్బాయి దుకాణం ఉండేది. అతను గాజు కోసి అద్దాలు బిగించేవాడు, గాజుతో చేపల తొట్లు కూడా కట్టేవాడు. "ఎంతైనా ప్లాస్టిక్కు ప్లాస్టిక్కే చెల్లెమ్మా" అని అతను రోడ్డుకు అటునుంచి అనేవాడు. "చెయ్యి తగిలితే పగిలేదానికి ఇంత డాబు ఎందుకన్నయ్యా" అని ఆమె ఇటునుంచి అనేది. ఇప్పుడు ఈ సంగతి అతని చెవిన పడితే ఇంకేమైనా ఉందా! అందుకని హైమావతి ఊరి అవతలి చివర ఉన్న హార్డువేరు కొట్టుకు వెళ్ళి, గాజు తొట్లకు వాడే సిలికాను జిగురు గొట్టం ఒకటి కొంగు చాటున తెచ్చుకుంది. చీకటి పడకముందే మళ్ళీ బడికి వెళ్ళి దాన్ని పగుళ్ళ మీద ఒత్తుగా పూసింది. పూసింది కనబడకుండా పైన బంగారురంగు పట్టీ అతికించింది.

సోమవారం పొద్దున పిల్లలు చూసి చప్పట్లు కొట్టారు. తొట్టికి పట్టంచు కట్టినట్టు ఉంది మరి! హెడ్‌మిస్ట్రెస్ విశాలాక్షిగారు స్వయంగా కబురు పంపారు: "హైమా, నీ పనితనం ఎప్పుడూ కొత్తగానే ఉంటుందమ్మా" అని. హైమావతి ఆ రోజు బడి ముందు నుంచి కాక దగ్గర దారినే బజారుకు వెళ్ళింది.

మనుషులు పొగడ్తలకు లొంగుతారు. నీళ్ళు లొంగవు. అవి బంగారు పట్టీ వెనక తమ పని తాము చేసుకుంటూ పోయాయి.

బడి వార్షికోత్సవం వచ్చింది. పూర్వ విద్యార్థినులలో పేరు తెచ్చుకున్నదని హైమావతిని ముందు వరుసకు పిలిచారు. ఆమె గంజిపెట్టిన చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వెళ్ళింది. సభ మొదలు కాకముందు విశాలాక్షిగారు అతిథులను వరండాలోకి తీసుకొచ్చి తొట్టి చూపించారు.

"ఇది మా బడి పిల్ల చేసింది. ఇదిగో, ఈమే."

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ కారలేదా?" అని ఒక పెద్దాయన ముచ్చటపడి అడిగాడు.

కామేశ్వరి వదిన వైపు చూసింది. హైమావతి ఆ చూపు తప్పించుకుంది.

"కారడమా! భలేవారే. నా అతుకు విడిపోవడమంటే..."

ఆ మాట పూర్తి కాలేదు. తొట్టి లోపల ఎవరో చిటిక వేసినట్టు టప్‌మని చప్పుడయింది. బంగారు పట్టీ అరటితొక్కలా ఒలిచినట్టు ఊడివచ్చింది. ముందు పలక పక్కకు తెరుచుకుంది. నీళ్ళన్నీ ఒక్క ఉదుటున వచ్చి అతిథుల కాళ్ళు కడిగాయి. తాసిల్దారుగారు వరండా గచ్చు మీద పడి ఎగిరెగిరి పడుతూ నాట్యం చేశాడు. జెల్లకు రెక్కల దగ్గర ముళ్ళుంటాయి. పట్టుకోబోయిన పిల్లలు "అమ్మో" అని చేతులు వెనక్కి తీసుకున్నారు. చివరకు కామేశ్వరి తన కొత్త పట్టుచీర కొంగుతోనే దాన్ని ఒడిసిపట్టి, వంటమనిషి తెచ్చిన నీళ్ళ బకెట్లో వేసింది. బకెట్లో పడ్డాక అది అడుగుకు వెళ్ళి, ఏమీ జరగనట్టు మీసాలు ఆడించింది.

అందరూ నవ్వారు.

విశాలాక్షిగారు కోప్పడలేదు. దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు:

"ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. కానీ హైమా, ఇది పిల్లలు తిరిగే చోటు. ఇక దీన్ని ఇక్కడ ఉంచలేను. గాజు తొట్టి ఒకటి తాతబ్బాయికి చెబుతాను. నువ్వు దీన్ని తీసుకెళ్ళిపో తల్లీ."

తిట్టినా బాగుండేదేమో. ఆ 'తల్లీ' అన్న మాట హైమావతికి ముల్లులా దిగింది.

తొట్టి ట్రాలీ రిక్షా ఎక్కింది. బంగారు పట్టీ గాలికి వేలాడుతుంటే బజారంతా ఊరేగింది. "ఏం చెల్లెమ్మా, తొట్టి షికారుకొచ్చిందా?" అన్నాడు తాతబ్బాయి. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే హైమావతి ఆ రోజు తల ఎత్తలేదు. అది చూసి తాతబ్బాయి కూడా నవ్వు ఆపేసి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె కొయ్యసుత్తి తీసుకుంది. ఎలాగూ పోయింది, ముక్కలు చేసి అక్షరాలకైనా వాడుకుందామనుకుంది. ముందు పలకను ఒక్క దెబ్బ కొట్టింది. అప్పడంలా ఊడొచ్చింది. పక్క పలకలు కూడా అంతే. ఒక్కో దెబ్బకూ ఒక్కో అతుకు విడిపోతుంటే, ఎవరో తన చెంప మీద కొడుతున్నట్టే ఉంది. చివరికి వెనక పలక మిగిలింది. దాన్నీ కొట్టింది. సుత్తి ఎగిరి వెనక్కి వచ్చింది. ఇంకా గట్టిగా కొట్టింది. చెయ్యి జివ్వుమంది గానీ అతుకు చెక్కుచెదరలేదు.

"ఇదేమిటి?" అనుకుంది హైమావతి.

కింద కూర్చుని పలకను వెలుగుకు పెట్టి చూసింది. ఆ అతుకులో ఈకల పగుళ్ళు ఒక్కటీ లేవు. నీళ్ళలా తేటగా ఉంది. అతుకు దాటి మిగిలిన అంచు మాత్రం గరుగ్గా, రంపం గీతలతో, తెల్లగా ఉంది. ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ వైపు గోడకు ఆనుకుని ఉంటుంది కదా, ఎవరు చూస్తారులే అని ఆ అంచుకు మాత్రం మంట పెట్టలేదు. అతికే మేర మాత్రం గీకి సాపు చేసి, అలాగే అతికించేసింది.

అందరూ చూస్తారని మెరుగుపెట్టిన అతుకులన్నీ విడిపోయాయి. ఎవరూ చూడరని వదిలేసిన అతుకు ఒక్కటే నిలిచింది.

హైమావతి వెంటనే తుక్కు షీటు ముక్కలు తీసింది. కొన్నిటి అంచులకు మంటపెట్టి మెరిపించి అతికించింది. కొన్నిటిని గరుకుగానే అతికించింది. ఎండకు పెట్టింది, నీళ్ళలో నానబెట్టింది, మళ్ళీ ఎండకు పెట్టింది. కొన్నాళ్ళకు చూస్తే మెరుగుపెట్టిన వాటిలో తెల్లని ఈకలు మొలిచాయి. చేత్తో వంచగానే పుటుక్కుమన్నాయి. గరుకు ముక్కలను వంచబోతే వేళ్ళు నొప్పిపుట్టాయి. మంట తగిలిన అంచు లోపల్లోపల బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్న అంచుకు మందు తగిలితే అది అతకడానికి బదులు లోలోపల పగులుతుంది. బోర్డు అక్షరాలు ఏ బరువూ మోయవు గనక ఇన్నేళ్ళూ ఆ సంగతి బయటపడలేదు. నీళ్ళ బరువు మోయాల్సిన చోట బయటపడింది.

కామేశ్వరి వచ్చేసరికి వదిన ముక్కల మధ్య కూర్చుని ఉంది. విషయం విని కామేశ్వరి మొదటిసారి దెప్పకుండా మాట్లాడింది.

"పోనీలే వదినా. ఈ మంట సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. షీటు పాతదైపోయిందని చెప్పేద్దాం. అందరూ నమ్ముతారు."

"నమ్ముతారు. నేనే ముందు నమ్మాను కదా! ఆ మాట నాకు నేను చెప్పుకోబట్టే తాసిల్దారుగారు నేలమీద పడ్డాడు. ఇంకోసారి చెప్పను."

"మరేం చేస్తావ్?"

"నా పేరు పెట్టుకున్న పని ఊళ్ళో ఒక్కటే ఉంది కామేశ్వరీ. దాన్ని అక్షరాల కింద కోసి పారెయ్యను. బాగుచేస్తాను. కొంగు బిగించు, నాకు రెండో మనిషి కావాలి."

"నేనా? నీ పనిలో చెయ్యిపెట్టనిస్తావా?" అని కామేశ్వరి కళ్ళు పెద్దవి చేసింది.

"పెట్టనిస్తాను. వంకలు కూడా పెట్టనిస్తాను. ఆ పని నీకు బాగా వచ్చు."

ముందుగా ఇద్దరూ విశాలాక్షిగారి దగ్గరికి వెళ్ళారు. హైమావతి నిలబడే మాట్లాడింది.

"అమ్మగారూ, తప్పు షీటుది కాదు. నాది. అంచులకు మంటపెట్టి అతికించాను, అలా అతికించకూడదు. కారుతోందని తెలిసీ పట్టీ వేసి దాచాను. అది ఇంకా పెద్ద తప్పు. గాజు తొట్టి చెప్పేముందు నాకు ఒక్క అవకాశం ఇవ్వండి. బాగుచేసి, మీ వరండాలో కాదు, నా దుకాణం ముందు నడిబజార్లో నీళ్ళు పోస్తాను. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. చుక్క కారిందంటే ఇక మీకు కనబడను."

విశాలాక్షిగారు ఆమె ముఖంలోకి చూశారు. "పదో తరగతిలో నీ లెక్క తప్పని చెబితే పుస్తకం నేలకేసి కొట్టి వెళ్ళిపోయావు, గుర్తుందా? సరే. చూద్దాం. తాసిల్దారుగారు సిమెంటు తొట్టిలో క్షేమంగానే ఉన్నారు. తొందరేమీ లేదు" అన్నారు.

పని మొదలైంది. సిలికాను అంటిన చోట అతుకుమందు పట్టదు. అందుకని హైమావతి పాత అంచులన్నిటినీ రంపంతో కోసి అవతల పారేసింది. తన పేరున్న ముక్క కూడా వాటితోపాటే పోయింది. ఆమె ఒక్క క్షణం ఆగి, కోసేసింది. తొట్టి కాస్త చిన్నదయింది. కొత్త అంచులను చాకు వీపుతో గీకి గీకి సాపు చేసింది. పక్కనే గ్యాసు మంట ఉంది. ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, చెయ్యి అటే పోబోయింది.

"వదినా!" అంది కామేశ్వరి.

"చూశాన్లే!" అని హైమావతి మంట ఆర్పేసింది.

కామేశ్వరి పలకలను పట్టుకుంటే హైమావతి మందు వదిలింది. అతుకులు ఆరాక, లోపలి మూలలన్నిటిలో ముక్కోణపు కడ్డీల్లాంటి యాక్రిలిక్ పట్టీలు అతికించింది. రంపపు పొట్టును అతుకుమందులోనే కరిగించి చిక్కని జిగురు చేసి వాటి పక్కలు నింపింది. నీళ్ళ బరువుకు పలకలు బయటకు ఉబ్బకుండా పైన చుట్టూ ఒక చట్రం బిగించింది. ఆరేదాకా వేలు పెట్టకుండా ఓపిక పట్టడమే అన్నిటికంటే కష్టమైంది ఆమెకు.

సంతరోజున తొట్టిని దుకాణం ముందు బల్ల మీద పెట్టింది. దాని కింద అతుకుల వెంబడి పొడి ముగ్గుపిండితో సన్నని గీత గీసింది. చుక్క పడితే పిండి తడిసి నల్లబడుతుంది. ఇక తప్పును బల్ల మీదా, ఆయా మీదా నెట్టే పని ఉండదు. తర్వాత బిందెలతో నీళ్ళు పోసింది. జనం మూగారు. కూరలవాళ్ళు, రిక్షావాళ్ళు, బడిపిల్లలు, విశాలాక్షిగారు అందరూ వచ్చారు.

"వంక దొరికినవాళ్ళు చెప్పండి. మొహమాటపడొద్దు" అంది హైమావతి.

"మూలల్లో ఆ పట్టీలేమిటే, అంత లావుగా కనబడుతున్నాయి? అతుకు కనబడకూడదనేదానివి కదా?" అంది పూలమ్మే ఒకావిడ.

"కనబడాలనే పెట్టానత్తా. అక్కడే కదా దీని బలమంతా ఉంది. బలాన్ని దాచుకోవడమెందుకు?"

జనం నవ్వారు. అప్పుడు అద్దాల తాతబ్బాయి రోడ్డు దాటి వచ్చాడు. గాజు తొట్టి బేరం అతనికే రావాలి. అతను కళ్ళజోడు సర్దుకుని బల్ల చుట్టూ తిరిగాడు. వంగాడు. గొంతుక్కూర్చున్నాడు. వేలు చూపించాడు.

"చెల్లెమ్మా, ఇక్కడ."

ఎడమ మూల కింద ముగ్గుగీత మీద మినపగింజంత నల్ల మచ్చ ఉంది.

అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. "బేరం పోతుందని నువ్వే చేసి ఉంటావు" అన్నాడు ఒక కూరలాయన. "ఇందాక పిల్లలు తడిచేతులు పెట్టారు, నేను చూశాను" అంది పూలమ్మే ఆవిడ. తాతబ్బాయికి కోపం వచ్చింది. "నన్ను కాదు, ముగ్గును చూడండి" అన్నాడు.

హైమావతి మోకాళ్ళ మీద కూర్చుంది. నిజంగానే ఇందాక ఒక పిల్ల అక్కడ తడిచెయ్యి ఆనించింది. ఆమే చూసింది. ఆ ఒక్క మాట అంటే చాలు, ఊరంతా ఆమె వైపే ఉంది. విశాలాక్షిగారు కూడా ఎదురుచూస్తున్నారు. ఆమె మచ్చను తుడిచి, కొత్త ముగ్గు చల్లి చూసింది. కాసేపటికి ఆవగింజంత మచ్చ మళ్ళీ పుట్టింది.

ఆమె లేచి నిలబడింది.

"పిల్లది తప్పు కాదు. కారుతోంది. తాతబ్బాయి అన్నయ్య సరిగ్గా పట్టుకున్నాడు. నీళ్ళు తీసెయ్యండి."

హైమావతి విశాలాక్షిగారి వైపు తిరిగింది.

"చుక్క కారితే మీకు కనబడనన్నాను అమ్మగారూ. ఆ మాట మీదే ఉంటాను. కానీ ఈ మూల మాత్రం సరిచేసి వెళ్తాను. తొట్టి మీకు అక్కర్లేకపోయినా, తప్పు తెలిశాక దాన్ని అలా వదిలెయ్యలేను."

"చుక్క కారితే నీ ముఖం చూడనని నేను అన్నానా?" అన్నారు విశాలాక్షిగారు. "చుక్కను దాస్తావేమో చూద్దామని వచ్చాను. దాచలేదు. కూర్చుని సరిచెయ్యి. మళ్ళీ సంతకు వస్తాను."

తాతబ్బాయి తన దుకాణంలోంచి మంచి దీపం ఒకటి తెచ్చి మూల దగ్గర పట్టుకున్నాడు. "ఎంతైనా ప్లాస్టిక్కు" అని గొణిగాడు. "పట్టుకో అన్నయ్యా, కదపకు" అని హైమావతి కసిరింది. తొట్టి ఎండిపోయాక ఆ మూల పట్టీని తీసి చూస్తే, జిగురులో ఒక చిన్న గాలిబుడగ దొరికింది. గీకి, తుడిచి, మళ్ళీ నింపింది. మళ్ళీ ఓపిక పట్టింది.

తర్వాతి సంత నాటికి బజారులో అమ్మకాలు సగం ఆగిపోయాయి. అందరూ ముగ్గుగీతనే చూస్తున్నారు. బిందెలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. నీళ్ళు అంచుదాకా వచ్చాయి. పొద్దు నడినెత్తికి వచ్చింది, వాలింది, సంత ఎత్తేశారు. ముగ్గు పొద్దున ఎలా గీశారో అలాగే తెల్లగా ఉంది. తాతబ్బాయి చివరిసారి చుట్టూ తిరిగి, మూలమూలా వేలు పెట్టి చూసి, నడుం పట్టుకుని లేచాడు.

"దొరకలేదు చెల్లెమ్మా. పొద్దున్నుంచీ వెతికాను, దొరకలేదు. గాజు తొట్టి బేరం పోయింది గానీ, ఒక పని చూశాను."

హైమావతి కళ్ళు తొట్టిలో నీళ్ళలా మెరిశాయి. కామేశ్వరి దెప్పుదామని నోరు తెరిచి, మానేసి వదిన భుజం గట్టిగా పట్టుకుంది.

తొట్టి బడి వరండాకు తిరిగి వెళ్ళింది. జెల్లను అందులో వదిలినప్పుడు పిల్లలు చేసిన గోల వీధి చివరిదాకా వినిపించింది. గోల తగ్గాక హైమావతి పిల్లలను దగ్గరికి పిలిచి, తొట్టి కింద ముగ్గుగీత ఎలా గీయాలో చూపించింది.

"వారం వారం గీసి చూడండి. మచ్చ కనబడితే ఎవరికీ భయపడొద్దు. నా దగ్గరికి పరుగెత్తుకు రండి" అంది.

"కనబడకపోతే?" అని ఒక పిల్ల అడిగింది.

"కనబడకపోతే నేను తలెత్తుకుని తిరుగుతాను."

"కనబడితే?"

"వచ్చి సరిచేస్తాను. అప్పుడు కూడా తలెత్తుకునే తిరుగుతాను!"

నీతి: తన పనిలోని వంకను దాచుకునేవారి గర్వం ఎప్పుడో ఒకప్పుడు నడివీధిలో ఒలికిపోతుంది, ఆ వంకను ఒప్పుకుని, తన చేత్తోనే సరిదిద్దుకునేవారికే తలెత్తుకునే హక్కు ఉంటుంది.